గ్యాసు పొయ్యి, గాజు పొయ్యి

ఆ షెడ్డులో పాత బస్సులు ఇళ్ళయిపోతాయి. సీట్లన్నీ ఊడబీకి, కింద చెక్క పరిచి, ఒక పక్క మంచం, ఒక పక్క వంటగట్టు, చివర స్నానాలగది కట్టి, చక్రాల మీద కాపురం చేయాలని ముచ్చటపడే వాళ్ళకు అప్పగిస్తారు. బయట బోర్డు మీద మోటార్‌హోములని రాసి ఉంటుంది గాని పనివాళ్ళ నోట్లో మాత్రం అవి ఇల్లుబళ్ళు. ఆ బళ్ళలో గ్యాసు పనంతా ఒక్కడిదే. ప్రొపేన్ సిలిండరు పెట్టే అర దగ్గర్నుంచి, రాగిగొట్టం వంచి పొయ్యికీ హీటరుకీ గ్యాసు మంటతో నడిచే ఫ్రిజ్జుకీ చేర్చేదాకా అతనే చేస్తాడు. ఇరవైతొమ్మిదేళ్ళుగా అందరికీ అతను గ్యాసు మేస్త్రి. ఇంట్లో పెట్టిన పేరుతో పిలిస్తే ఎవర్నోననుకుని పక్కకు చూస్తాడు.

సోమవారం పొద్దున అక్కాచెల్లెళ్ళిద్దరు వచ్చారు. చెల్లెలు బడి బస్సు డ్రైవరు. పద్నాలుగేళ్ళు తను నడిపిన బస్సునే, బడివాళ్ళు వదిలించుకుంటుంటే కొనుక్కుని, స్వయంగా తోలుకొచ్చి షెడ్డు ముందు ఆపింది. అక్క ఆమెకన్నా ఆరేళ్ళు పెద్ద. చూపు లేదు. ఒక హాస్టల్లో వంట చేసి, ఆ మధ్యనే మానేసింది. ఇక మీదట ఇద్దరూ ఆ బండిలోనే ఉంటూ, రోడ్డు ఎటు తీసుకెళితే అటు పోదామని అనుకున్నారు.

యజమాని ఎవరొచ్చినా మొదట అడిగే ప్రశ్న ఒకటే. గ్యాసా, కరెంటా? మిగతా బండంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. గ్యాసయితే సిలిండర్లకు బయటికి తెరుచుకునే అర కావాలి, నేలలో గాలి పోయే కంతలు కావాలి. కరెంటయితే కప్పు నిండా సోలారు పలకలు, మంచం కింద బ్యాటరీలు కావాలి. ఆ రోజు మాత్రం ఆయన ఆ ప్రశ్న అడగలేదు. పెద్దావిడ చేతిలోని మడతకర్ర చూశాడు, చెల్లెలి వైపు తిరిగాడు.

"మీకు అంతా కరెంటే పెట్టేద్దామండీ. ఆవిడకు చూపు లేదు కదా. మంటతో ఎందుకొచ్చిన గొడవ?"

"నేనూ అదే అనుకున్నాను," అంది చెల్లెలు.

"ఆవిడేమైనా వంట చేస్తారా?"

"ఇన్నాళ్ళూ చేసింది. ఇక చాలు. నేనే చేసి కూర్చోబెట్టి పెడతాను."

గొట్టాల చిట్టా మీద సంతకం కోసం వచ్చిన మేస్త్రి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. వాళ్ళు మాట్లాడుకుంటున్నది ఎవరి గురించో ఆ మనిషి అక్కడే, బల్లకు ఆ పక్కనే ఉంది. ఆమె ముందు, వచ్చినవాళ్ళకు చూపించడానికి పెట్టిన నమూనా వంటగట్టు ఉంది. అందులో నల్లటి గాజు పలకలా ఇండక్షన్ పొయ్యి. ఆమె కుడిచేతి వేళ్ళు గట్టు అంచు పట్టుకుని నడిచి, గాజు మీదికి ఎక్కి, ఈ చివర్నుంచి ఆ చివరకు వెళ్ళాయి. తిప్పే పిడికోసం వెతుకుతున్నాయి. ఎక్కడా గరుకు లేదు, ఎత్తు లేదు. ఒకచోట వేలు ఆనగానే పొయ్యి పిప్‌మంది. పొరపాటున ఎవరి ఇంటి తలుపో తోసినట్టు ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని చీరకుచ్చిళ్ళ మీద పెట్టుకుంది.

మేస్త్రికి ఆవిణ్ణి అడగండి సార్ అని నోటిదాకా వచ్చింది. అతను అనలేదు. అంటే యజమాని ఏమనుకుంటాడో అతనికి తెలుసు. వరసగా నాలుగు బళ్ళు కరెంటుకే పోయాయి, మేస్త్రికి పని తగ్గింది, అందుకే గ్యాసు పాట పాడుతున్నాడంటాడు. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. సంతకం తీసుకుని బయటికి వచ్చేశాడు.

మధ్యాహ్నం దాకా పని సాగలేదు. వంచిన గొట్టమే మళ్ళీ వంచాడు. చివరికి ఆఫీసు చిట్టాలో నంబరు చూసి ఫోను చేశాడు. చెల్లెలు ఎత్తింది.

"అక్కగారికి ఇవ్వండమ్మా."

"ఏం కావాలో నాకు చెప్పండి, నేను చెబుతాను."

"ఆవిడతోనే పని."

అవతల కాస్త సేపు గుసగుసలు. తర్వాత నిదానమైన గొంతు, "చెప్పండి," అంది.

"నేను షెడ్డులో గ్యాసు మేస్త్రినండీ. రేపు పొద్దున మీరు మా దగ్గరకొచ్చి వంట చేయగలరా? రెండు రకాల పొయ్యిలూ పక్కపక్కన పెడతాను. ఏది బాగుందో మీరే చెబుదురుగాని."

తప్పుగా మాట్లాడానా అని మేస్త్రి కంగారుపడేలోగా ఆమె అడిగింది.

"ఎంతమందికి?"

మేస్త్రి షెడ్డంతా చూపుతో ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. "పదకొండు మందిమి."

"బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, గుడ్లు తెప్పించి పెట్టండి. కత్తి నాది నేను తెచ్చుకుంటాను."

*

మంగళవారం ఆమె రాకముందే షెడ్డులో కబురు పాకిపోయింది. రంగులు వేసేవాళ్ళు, చెక్కపనివాళ్ళు ఏదో ఒక వంక పెట్టుకుని ఆ పక్కకే వచ్చారు. వైరింగు పని చేసే కరెంటమ్మ తన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ముందు వరసలోనే నిలబడింది. నలభై ఏళ్ళ మనిషి. సోలారు, బ్యాటరీలు అంటే ప్రాణం. మేస్త్రిని బాబాయ్ అంటుంది గాని పని దగ్గర ఇద్దరికీ క్షణం పడదు.

"బాబాయ్, పందెం పెట్టకుండానే ఓడిపోతావు. గాజు పొయ్యి మీద చెయ్యి పెట్టినా కాలదు," అంది.

"చెయ్యి కాలకపోతే వంటయినట్టా?" అన్నాడు మేస్త్రి.

అక్క వచ్చింది. చెల్లెలు చెయ్యి పట్టుకోబోతే మెల్లగా విడిపించుకుని, బల్ల చుట్టూ ఒకసారి నడిచింది. ఎడమచేతి వెనక భాగంతో బల్ల అంచు రాసుకుంటూ వెళ్ళి, గ్యాసు పొయ్యి ఎక్కడ, గాజు పొయ్యి ఎక్కడ, నీళ్ళ బకెట్టు ఎక్కడ అన్నీ కొలుచుకుంది. తర్వాత కత్తి తీసి, పదును గోడవైపు ఉండేలా పెట్టింది. దాన్ని మళ్ళీ తీసినప్పుడల్లా అదే చోట, అదే వాలులో పెట్టింది. ఉల్లిపాయ మీద ఎడమ వేళ్ళు లోపలికి ముడుచుకుని, కణుపుల వెంట కత్తి జారుతుంటే, ముక్కలన్నీ ఒకే మందంలో పడ్డాయి. చూపున్న చెక్కపని మేస్త్రి తన పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు.

గ్యాసు పొయ్యి దగ్గర ముందు లైటరు నొక్కడం మొదలుపెట్టి, ఆ తర్వాతే పిడి తిప్పింది. మంట భుగ్గుమనలేదు, ఊదినట్టు లేచింది. ఆమె తల కొంచెం పక్కకు వంచి విన్నది. పిడిని వెంట్రుకవాసి తగ్గించింది. మళ్ళీ విన్నది.

"పెద్ద మంట ఈలేస్తుంది. సన్న మంట ఊపిరి పీలుస్తుంది," అంది, ఎవరూ అడగకుండానే. "ఒక కన్ను మూసుకుపోతే మంట తడబడుతుంది. ఇదుగో, మీ పొయ్యికి ఎడమ పక్క ఒక కంత మూసుకుపోయి ఉంది, చూసుకోండి."

మేస్త్రి వంగి చూశాడు. ఎడమ పక్క ఒక కంతలో మంట లేదు. పొద్దున అతనే తుడిచి పెట్టిన పొయ్యి. జేబులోంచి పిన్నీసు తీసి శుభ్రం చేశాడు.

నూనె కాగిందో లేదో చూడటానికి ఆమె బాణలి మీద అరచెయ్యి జానెడెత్తులో ఆడించింది. ముక్కలు వేశాక చప్పుడును బట్టి గరిటె తిప్పింది. చప్పుడు పలచబడినప్పుడు మూత పెట్టింది, గట్టిపడినప్పుడు తీసింది. గుడ్లను బల్ల అంచుకు ఒక్క దెబ్బ కొట్టి ఒంటిచేత్తో విప్పింది. పదకొండు గుడ్లలో ఒక్క పెంకు ముక్క బాణలిలో పడలేదు. షెడ్డులో అంతసేపు రంపం ఆగి ఉండటం మేస్త్రి ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు గాజు పొయ్యి వైపు తిరిగింది. మేస్త్రి మనసులో గెలిచేశానని అనుకుంటున్నాడు. కాని ఆమె దాన్ని తేలిగ్గా వదల్లేదు.

"ఎవరండీ కరెంటు పనివారు? ఒక పిప్‌కి అర్థమేమిటి? రెండింటికి ఏమిటి?"

కరెంటమ్మ ముందుకొచ్చి ఒక్కొక్కటీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగి, సంచీలోంచి సందులు పూడ్చే సీలెంటు గొట్టం తీసి, మీటలు ఉన్నచోటల్లా గాజు మీద ఒక్కో చుక్క పెట్టింది. "ఆరిందాకా ఆగండి అక్కా. ఇది తాకితే తెలుస్తుంది మీకు."

చుక్కలు ఆరాక ఆమె నీళ్ళు పెట్టింది, పిప్‌లు లెక్కపెట్టింది, రెండుసార్లు తప్పింది, మూడోసారి తప్పలేదు. పాతిక నిమిషాల్లో ఆ గాజు పలక మీద అందరికీ టీ కాచి పోసింది.

"దీని మీదా చేయగలను," అంది చేతులు తుడుచుకుంటూ. "చెప్పిన పని చేస్తుంది, మంచిదే. కాని దీనికి పిప్ ఒక్కటే వచ్చు. ఆ పొయ్యి వంటయిందాకా నాతో మాట్లాడుతూనే ఉంటుంది. నాకు తోడుండే మనిషిలాంటిది కావాలి."

చెల్లెలు అప్పటిదాకా గోడకానుకుని నిలబడి ఉంది. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు తిన్నదే గాని, అక్క వండుతుంటే ఇలా మొదట్నుంచి చివరిదాకా నిలబడి ఎన్నడూ చూడలేదేమో, పళ్ళెం చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయింది. యజమాని మాత్రం రెండోసారి వడ్డించుకున్నాడు.

"గ్యాసే పెట్టేయండి మేస్త్రీ," అన్నాడు నోటినిండా కూరతో.

*

బుధ, గురువారాల్లో, ఒక పక్క చెక్కపనివాళ్ళు సీట్లు ఊడబీకి గట్లు కడుతుండగానే, మేస్త్రి ఇరవైతొమ్మిదేళ్ళ పనితనమంతా ఆ బస్సులో పోశాడు. సిలిండర్ల అర వెనక పక్క కట్టాడు. అక్కణ్ణుంచి రాగిగొట్టం నేల కిందుగా తెచ్చి, ఒక కొమ్మ పొయ్యికి, ఒకటి నీళ్ళ హీటరుకి, ఒకటి ఫ్రిజ్జుకి, ఒకటి చలికాలం గది వెచ్చబెట్టే పెట్టెకి తీశాడు. ప్రతి మలుపూ స్ప్రింగు దూర్చి వంచాడు, ఎక్కడా గొట్టం నలగలేదు. చివర్లను గరాటులా విప్పి నట్టు బిగించాడు. జానకొకచోట రబ్బరు వేసి క్లిప్పు కొట్టాడు, బండి కుదుపులకు ఒరుసుకోకుండా. ఫ్రిజ్జు వెనక చెయ్యి పట్టని చోట పక్కకు పడుకుని, ఒక చెంప నేలకానించి పని చేశాడు.

కరెంటమ్మ ఒకసారి తొంగిచూసి, "పొయ్యి ఒక్కటే కదా బాబాయ్ ఆవిడ అడిగింది?" అంది.

"గ్యాసంటే అంతా గ్యాసే," అన్నాడు.

గురువారం సాయంత్రం నాలుగింటికి సిలిండరు తెరిచాడు. నేల దగ్గర పెట్టే గ్యాసు అలారానికి ఇంకా వైరు కలపలేదు. అతని పద్ధతి అతనికి ఉంది. ముందు ఒంగుని ఒక్కో కీలు దగ్గరా ముక్కు పెట్టి పోతాడు, తర్వాత అప్పగించే రోజు సబ్బునీళ్ళు రాస్తాడు, ఒత్తిడి చూసే గేజీ పెడతాడు. ఆ రోజూ అలాగే బస్సంతా ఒంగుని తిరిగాడు. ఎక్కడా ఏమీ తెలియలేదు. తృప్తిగా ఒళ్ళు విరుచుకున్నాడు.

అప్పుడే అక్కాచెల్లెళ్ళు వచ్చారు. చెల్లెలు వెనక టైర్లు చూసుకుంటూ ఉండిపోయింది. అక్క కర్రతో మెట్టు తట్టి, మొదటి మెట్టు ఎక్కి, రెండో మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిపోయింది.

"గ్యాసు వస్తోంది."

"లేదండీ. ఇప్పుడే బండంతా చూశాను," అన్నాడు మేస్త్రి నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. గొంతు పెంచనూ లేదు. "మేస్త్రి గారూ, ఏ మీటా ముట్టుకోకుండా కిందికి దిగండి. సిలిండరు కట్టేయండి. చెల్లీ, నువ్వు దగ్గరకు రాకు. ఎవరూ లైటు వేయకండి."

హాస్టలు వంటింట్లో ఇరవైమంది పనివాళ్ళను నడిపిన గొంతది. మేస్త్రి తనకు తెలియకుండానే దిగాడు, వెనక్కి వెళ్ళి సిలిండరు కట్టేశాడు. పక్క బండిలోంచి దూకి వచ్చిన కరెంటమ్మ తలుపు దగ్గరే ముక్కు మూసుకుంది.

"అబ్బ, ఎంత వాసన బాబాయ్. కుళ్ళిన కోడిగుడ్లలాగ. ఇంతసేపూ లోపల నువ్వెలా ఉన్నావు?"

మేస్త్రి బస్సు మెట్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ప్రొపేన్ గాలికన్నా బరువు. కారితే నేల మీద పరుచుకుని, పల్లం వెతుక్కుంటూ మెట్ల మీదుగా కిందికి జారుతుంది. ఇది ఎంతోమందికి తనే చెప్పిన సంగతి. అంటే ఆ మెట్టు దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ ఉండాలి. అతను గుండెల నిండా గాలి పీల్చాడు. అందులో ఏమీ లేదు. తడిగోడ దగ్గర నిలబడి పీల్చినట్టు, చల్లగా, ఖాళీగా ఉంది.

కిటికీలన్నీ తెరిచి అరగంట వదిలేశాక, లోపలికి వెళ్ళి సబ్బునీళ్ళు రాశాడు. ఫ్రిజ్జు వెనక, అతను చెంప నేలకానించి బిగించిన నట్టు దగ్గర, చిన్నపిల్లలు ఊదినట్టు బుడగ మీద బుడగ లేచింది. గరాటు అంచు వెంట్రుకంత పక్కకు కూర్చుంది. చేసిన తప్పు చిన్నదే. కాని అది అతని ముక్కు కిందనే జరిగింది, అతనికి తెలియలేదు.

అందరూ తలా ఒక మాట అంటూ చెదిరిపోయారు. చెల్లెలు యజమాని గదిలోకి వేగంగా వెళ్ళింది. అక్క మాత్రం షెడ్డు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. మేస్త్రి పక్కనుంచి పోతుంటే అడుగుల చప్పుడు గుర్తుపట్టింది.

"జలుబా తమ్ముడూ?"

"కాదక్కా."

"ఎన్నాళ్ళయింది?"

అతను పక్కనున్న తిరగేసిన డబ్బా మీద కూర్చుండిపోయాడు. ఆరు నెలల కిందట జ్వరం వచ్చింది. వారంలో లేచి పనిలోకి వచ్చేశాడు. ఆ తర్వాత ఏదో పలచబడ్డట్టు అనిపించేది. దుమ్ములో పని కదా, ముక్కు పట్టేసిందనుకున్నాడు. అనుకున్నాడా, అనుకోవాలనుకున్నాడా అన్నది ఇప్పుడు అతనికే తెలియడం లేదు.

"నేనెవరికీ చెప్పలేదు," అన్నాడు. "నిజానికి నాకు నేనే చెప్పుకోలేదు."

"నాకు ఏడో ఏట మొదలైంది. బడిలో పలక మీద అక్షరాలు కనిపిస్తున్నాయనే చెప్పేదాన్ని. పక్క పిల్ల చదివింది విని అప్పజెప్పేదాన్ని. రెండేళ్ళు నడిచింది." ఆమె కర్రను మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "నేను వెళ్ళి ఎవరికీ చెప్పను. అది మీరు చెప్పాల్సిన సంగతి."

వాళ్ళు వెళ్ళాక మేస్త్రి రంగుల గదిలోకి పోయాడు. థిన్నరు డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మండాయి, వాసన లేదు. రబ్బరు జిగురు తీశాడు. పాత ఇంజనాయిలు తీశాడు. ఎవరో వదిలేసిన చెమట చొక్కా కూడా తీశాడు. ఏదీ పలకలేదు. మూతలన్నీ మళ్ళీ జాగ్రత్తగా బిగించి, చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

*

శుక్రవారం పొద్దున ఆఫీసు గదిలో చెల్లెలు నిలబడే మాట్లాడుతోంది.

"గ్యాసు వద్దంటే వద్దు. నిన్న అక్క ఒక్క అడుగు ముందుకేసి ఏ మీటో నొక్కి ఉంటే? అంతా పీకేసి కరెంటు పెట్టండి. వంట సంగతి నేను చూసుకుంటాను."

యజమాని తల ఊపుతూ కాగితం మీద కొట్టివేతలు పెడుతున్నాడు. అక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ముఖంలో కోపం లేదు. కూర్చున్న కుర్చీ తనది కాదని ఎవరో చెప్పినట్టు, వీపు ఆనించకుండా కూర్చుంది.

మేస్త్రి లోపలికి వచ్చాడు. రాత్రంతా కూడబలుక్కున్న మాటలేవీ గుర్తు రాలేదు.

"తప్పు గ్యాసుది కాదమ్మా. నాది," అన్నాడు. "నాకు వాసన తెలియడం లేదు. ఆరు నెలలైంది."

యజమాని కలం ఆపాడు. "మేస్త్రీ, మనం తర్వాత మాట్లాడుకుందాం."

"ఇప్పుడే చెప్పనివ్వండి సార్. ఈ ఆరు నెలల్లో మూడు బళ్ళకు గ్యాసు పని చేశాను. వాటికి సబ్బునీళ్ళు రాశాను, గేజీ పెట్టాను, బాగానే ఉన్నాయి. అయినా ఆ మూడింటికీ ఫోను చేసి, వెళ్ళి మళ్ళీ చూసొస్తాను. నిన్నటి సంగతికి వస్తే, నేను లోపల అరగంట ఉన్నాను, నాకు తెలియలేదు. అక్కగారు రెండో మెట్టు మీద కాలు పెట్టకుండానే చెప్పారు. ఏం చేయాలో కూడా ఆవిడే చెప్పారు, నేను చేశాను." అతను చెల్లెలి వైపు తిరిగాడు. "మీరు ఆవిడ కోసం భయపడుతున్నారు. ఆ బండిలో మీరు చూసి భయపడాల్సిన మనిషి నేనమ్మా. ఆవిడ కాదు."

చెల్లెలు కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుంది.

"నువ్వేమంటావే అక్కా?" అంది. ఆమె గొంతులో అలవాటు లేని పని చేస్తున్న తడబాటు ఉంది.

"పొయ్యి గ్యాసుదే ఉండనీ," అంది అక్క. "తక్కినవన్నీ తీసేయండి."

మేస్త్రి అర్థంకాక చూశాడు.

"మేస్త్రి గారు మంచి మనసుతోనే పెట్టారు. కాని నన్నెవరూ అడగలేదు. ఫ్రిజ్జు రాత్రీ పగలూ మండుతూనే ఉంటుందట కదా? నీళ్ళ హీటరు దానంతటదే అంటుకుంటుందట. నేను నిద్రపోతే నా చెవులు, ముక్కూ కూడా నిద్రపోతాయి. చెల్లి బండి నడుపుతుంటే ఇంజను మోతలో నాకు మంట వినిపించదు. పొయ్యయితే నేను నిలబడితేనే వెలుగుతుంది. నేను పక్కకు తప్పుకుంటే ఆర్పేసే పోతాను. నేను దగ్గర లేని మంట నా ఇంట్లో ఉండకూడదు. ఫ్రిజ్జు, వేణ్ణీళ్ళు, గది వెచ్చబెట్టే పెట్టె, అవన్నీ కరెంటుకే ఇచ్చేయండి. వాటితో నాకు మాటల్లేవు."

మేస్త్రికి ముఖం వేడెక్కింది. యజమాని అడగలేదని సోమవారం నాడు గుమ్మంలో నిలబడి నొచ్చుకున్నవాడే, తనకు అవకాశం రాగానే రెండు రోజుల పాటు ఆమెను ఒక్క మాటైనా అడక్కుండా బండంతా గొట్టాలు పరిచాడు. ఆమె చెప్పింది వింటుంటే, ఇన్నేళ్ళలో గ్యాసుకీ కరెంటుకీ మధ్య ఇంత సూటిగా గీత గీసిన మనిషి ఎవరైనా ఉన్నారా అనిపించింది. తను గ్యాసు వైపు మాట్లాడేవాడు, కరెంటమ్మ కరెంటు వైపు మాట్లాడేది. ఎవరు ఎప్పుడు మెలకువగా ఉంటారన్నది ఇద్దరికీ తట్టలేదు.

కరెంటమ్మను పిలిచారు. ఆమె కప్పు పొడవు, పలకల సంఖ్య చూసుకుని, చేతి మీదే లెక్కవేసుకుంది. "వంట లేకపోతే బ్యాటరీల మీద బరువు సగానికి తగ్గిపోతుంది. చిన్నవి సరిపోతాయి. వేణ్ణీళ్ళు బండి నడిచేటప్పుడు కాగేలా పెడతాను. చలి మరీ ఎక్కువైన రాత్రులు మాత్రం ఎక్కడైనా ప్లగ్గు దొరికే చోట ఆపుకోవాలి అక్కా."

"ఆపుకుంటాం," అంది చెల్లెలు, అక్క కన్నా ముందే. వెంటనే నాలిక కరుచుకుని అక్క వైపు చూసింది.

"ఆపుకుంటాంలే," అంది అక్క నవ్వుతూ.

శుక్రవారమంతా మేస్త్రి తను బిగించిందే విప్పాడు. అంత అందంగా వంచిన గొట్టాన్ని క్లిప్పు తర్వాత క్లిప్పు ఊడదీసి, మూలన చేర్చాడు. గొట్టాలు పోయిన కంతలకు బిరడాలు కొట్టాడు. సిలిండరు అరను పొయ్యి వెనక గోడకే మార్చాడు. చివరికి మిగిలింది రెండు మూరల గొట్టం, మధ్యలో కీలు లేకుండా ఒకే ముక్క, ఆ చివర ఒక నట్టు, ఈ చివర ఒక నట్టు. ఇంత చిన్న పని అతను ఎన్నడూ చేయలేదు, ఇంత జాగ్రత్తగా కూడా.

*

శనివారం పరీక్ష. మేస్త్రి యజమానికి ముందే చెప్పాడు, ఇక మీదట ఏ బండికైనా తను ఒక్కడే పరీక్ష చేయనని, పక్కన ఇంకో మనిషి ఉండాలని. యజమాని కాసేపు గొణిగాడు. తర్వాత, "అలాగే కానీ. ఇరవైతొమ్మిదేళ్ళుగా ఉన్న మనిషిని ముక్కు చూసి పంపించేస్తానా," అన్నాడు.

గొట్టానికి గేజీ తగిలించి, గాలి నింపి, మీట కట్టేశాడు. పావుగంట ముల్లు కదలకూడదు. కరెంటమ్మ చేతిలో గడియారం పట్టుకుని గేజీ ముందు గొంతుక్కూర్చుంది. ముల్లు కదల్లేదు. సబ్బునీళ్ళకు బుడగ రాలేదు. ఈసారి అలారానికి వైరు కూడా కలిపారు. అప్పుడు గాలి వదిలేసి, గ్యాసు తెరిచాడు.

"అక్కా, మీరు రండి," అన్నాడు.

ఆమె మెట్లెక్కి, లోపలికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుంది. గొట్టం మొదట్లో వేలు పెట్టి, దాని వెంటే మెల్లగా జరిగింది. ఒక నట్టు దగ్గర ఆగి పీల్చింది. రెండోదాని దగ్గర ఆగి పీల్చింది. తర్వాత నేల మీదికి వంగి, మెట్ల పల్లం దాకా పాకి, అక్కడ కూడా పీల్చింది. చీర మోకాళ్ళ దగ్గర దుమ్ము కొట్టుకుపోయింది. చెల్లెలు కింద నిలబడి చూస్తోంది గాని, ఒక్క మాట సాయం చేయలేదు.

"రంపపు పొట్టు, సబ్బు, మీ టీ," అంది అక్క లేస్తూ. "గ్యాసు లేదు."

పరీక్ష కాగితం ఒకటే ఉంటుంది. ఆ కాగితం మీద 'పరీక్షించినవారు' అనే గడిలో ఇరవైతొమ్మిదేళ్ళుగా ఒకే సంతకం పడుతోంది. మేస్త్రి సంతకం పెట్టాడు. దాని కింద కరెంటమ్మ చేత పెట్టించాడు. తర్వాత కాగితాన్ని వంటగట్టు మీద పరిచి, అక్క వేలు పట్టుకుని ఆ గడి అంచు మీద ఆనించాడు.

"ఇక్కడ మీది కూడా కావాలి."

"ఏం రాసుందో మొత్తం చదవండి ముందు," అంది.

అతను పై వరస నుంచి కింది వరస దాకా చదివాడు. ఆమె రెండుచోట్ల ఆపి, మళ్ళీ చదివించుకుంది. అప్పుడు ఎడమచేతి చూపుడువేలు గీతగా పెట్టుకుని, దాని మీదుగా తన పూర్తి పేరు రాసింది. అక్షరాలు మెట్టెక్కుతున్నట్టు పైకి పోయాయి గాని ఒక్క గుడి, ఒక్క దీర్ఘం తప్పలేదు.

బండి దిగుతూ ఆమె మేస్త్రి దగ్గర ఆగింది. "ఇంట్లో చెప్పారా?"

"ఇంకా లేదు."

"ఇవాళ చెప్పండి. చెప్పకపోతే ఇంట్లో వాళ్ళు వాళ్ళకు తోచిందేదో అనుకుంటూ ఉంటారు."

సాయంత్రం వెలుతురుండగానే మేస్త్రి ఇంటికి వెళ్ళాడు. భార్య వంటింట్లో కూరలు తరుగుతోంది. అతను పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. తొందరగా వచ్చారేం అని ఆమె అడగబోతుంటే, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. జ్వరం దగ్గర్నుంచి థిన్నరు డబ్బా దాకా చెప్పాడు.

ఆమె కత్తిపీట పక్కకు జరిపి, అతని ముఖం వంక చూసింది. ఏడుస్తుందేమోనని అతను భయపడ్డాడు.

"అంటే నా వంట బాగాలేక కాదా?" అంది.

"ఏమిటి?"

"ఆరు నెలలుగా కంచం ముందు కూర్చుని, ఏదో పని చేసినట్టు తిని లేచిపోతున్నారు. బాగుందని ఒక్క మాట లేదు. ముఫ్ఫై ఏళ్ళు తిన్నారు, మొహం మొత్తిందేమోననుకున్నాను. పోపులు మార్చాను, నూనెలు మార్చాను, పక్కింటావిణ్ణి అడిగి కొత్తవి నేర్చుకున్నాను. ఎన్ని రకాలుగా వండానో మీకు తెలుసా?"

"తెలియదు," అన్నాడు మేస్త్రి. "ఒక్కటీ తెలియదు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ తడి కళ్ళతోనే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక లేచి, అల్మారాలోంచి డబ్బాలన్నీ ఒక్కొక్కటే దించి అతని ముందు పెట్టింది.

"రండి. ఉప్పు తెలుస్తుందా? పులుపు? కారం? ఏవి మిగిలాయో చూద్దాం. వాటితోనే వండుతాను."

అతను నాలిక చాపాడు.